కాలేజీకి ఏ బట్టలు తీసుకెళ్లాలి? ఎన్ని జతలు?

కొత్త_బ్యాచ్
అందరికీ నమస్కారం. వచ్చే నెల కాలేజీలో చేరుతున్నాను. చదవబోయేది రసాయన శాస్త్రం. ఇల్లు వదిలి హాస్టల్లో ఉండటం ఇదే మొదటిసారి. బట్టల విషయంలో ఇంట్లో ఎవరి మాట వారిదే. అమ్మ ఉన్నవన్నీ తీసుకెళ్లమంటోంది. నాన్న నాలుగు జతలు చాలంటున్నారు. అన్నయ్య మాత్రం కోటు కుట్టించుకోకుండా కదలవద్దంటున్నాడు. గదిలో ఉండే ఇద్దరికీ కలిపి ఒకే బీరువా ఇస్తారని కాలేజీ నుంచి వచ్చిన కాగితంలో ఉంది. అసలు ఎన్ని తీసుకెళ్లాలి? ఏవి ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి, ఏవి అక్కడ కొనుక్కోవచ్చు?

హాస్టల్_పాతకాపు
తమ్ముడూ, ముందు ఒక సంగతి కనుక్కో. అక్కడ బట్టలు ఎవరు ఉతుకుతారు, ఎన్ని రోజులకోసారి, ఎక్కడ ఆరవేస్తారు? ఇవి తెలుసుకోకుండా లెక్క చెప్పేవాళ్ల మాట నమ్మకు.

వారానికోసారి ఉతుకుతావనుకుందాం. ఒంటికి అంటుకుని ఉండేవి, అంటే బనియన్లు, డ్రాయర్లు, మేజోళ్లు, వారానికి 7, ఆరేలోగా 2, అనుకోని రోజుకు ఒకటి. మొత్తం 10. ఇందులో పిసినారితనం వద్దు. పైన వేసుకునేవి ఎంత తగ్గించినా నష్టం లేదు. షర్టులు, టీషర్టులు కలిపి 7 లేదా 8, ప్యాంట్లు 3. అంతే.

చాలామంది దీన్ని తలకిందులుగా సర్దుకుంటారు. పదిహేను షర్టులు, నాలుగు డ్రాయర్లు. నెల తిరిగేసరికి బీరువా నిండా ఇస్త్రీ షర్టులే, లోపల వేసుకోవడానికి ఆరినది ఒక్కటీ ఉండదు.

ఇద్దరబ్బాయిల_తల్లి
పాతకాపు గారి లెక్క బాగుంది. కానీ మగపిల్లలు వారానికోసారి ఉతుకుతారన్న నమ్మకం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో! మావాళ్లు పది ఇస్తే పదో రోజున, ఇరవై ఇస్తే ఇరవయ్యో రోజున బకెట్టు ముట్టుకుంటారు. కాబట్టి మీ అమ్మగారితో చెప్పు బాబూ, ఎక్కువ ఇస్తే మాసిన మూట పెద్దదవుతుంది తప్ప శుభ్రం పెరగదని.

తువ్వాళ్లు రెండు, పల్చనివి. మందంగా మెత్తగా ఉన్నాయని ముచ్చటపడి కొనేవి గదిలో ఓ పట్టాన ఆరవు. రెండో రోజుకే వాసన మొదలవుతుంది.

మూడో_అంతస్తు
చెప్పులు! స్నానాల గదికి విడిగా రబ్బరు చెప్పులు. మిగతావి మర్చిపోయినా ఇవి మర్చిపోవద్దు.

నూలుపోగు
బట్టల మిల్లులో పని చేస్తాను కాబట్టి గుడ్డ గురించి రెండు మాటలు. లెక్క ఎవరైనా చెబుతారు, ఏ గుడ్డ అన్నది ఎవరూ అడగరు.

నూలు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. మామూలు వాతావరణంలో తన బరువులో సుమారు 8 శాతం. ఉన్ని అయితే 16 శాతం దాకా. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే పాలియెస్టర్ షర్టు తాడు మీద వేసిన కాసేపటికే ఆరిపోతుంది, ముడతలూ పడదు. హాస్టల్లో ఉండేవాళ్లకు ఇది వరంలా కనిపిస్తుంది. అయితే అదే పాలియెస్టర్ చర్మం మీది జిడ్డును మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. ఉతికి ఆరేసిన షర్టు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా ఉండదు. వేసుకుని రెండు అంతస్తులు ఎక్కగానే చంకల దగ్గర పాత చెమట వాసన లేస్తుంది. ఆ జిడ్డు పోలేదన్నమాట.

నా సలహా ఇది. ఆటలకు వేసుకునేవి పాలియెస్టర్. తరగతికి వేసుకునే షర్టులు నూలు ఎక్కువ, పాలియెస్టర్ తక్కువగా కలిసినవి. లోదుస్తులు, పడుకునేటప్పుడు వేసుకునేవి పూర్తి నూలు.

టీషర్టు కొనేటప్పుడు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చూడండి. 140, 150 గ్రాములవి పల్చన, తొందరగా ఆరతాయి. 180 దాటినవి నిలుస్తాయి, ఆకారం చెడవు, కానీ ఆరడానికి సమయం తీసుకుంటాయి. నూలు టీషర్టు మొదటి ఉతుకుల్లో 3 నుంచి 5 శాతం ముడుచుకోవడం మామూలే. 70 సెంటీమీటర్ల పొడవున్నది మూడు సెంటీమీటర్లకు పైగా తగ్గవచ్చు. చేతులు పైకెత్తితే బొడ్డు కనిపించే టీషర్టులన్నీ కొట్లో సరిగ్గా సరిపోయినవే. కాబట్టి కొత్తవన్నీ ఇంట్లోనే ఒకటి రెండు సార్లు ఉతికి, అప్పటికీ సరిపోయేవే పెట్టెలో పెట్టండి.

కొత్త_బ్యాచ్
చాలా థాంక్స్ అండీ. పాతకాపు అన్నా, హాస్టలుకు ఫోను చేసి కనుక్కున్నాను. బట్టలు మేమే ఉతుక్కోవాలట. వాషింగ్ మెషీన్ ఉంది కానీ వరస కోసం కాచుకోవాలి. ఆరవేయడానికి వసారాలో తాళ్లు ఉన్నాయి. నేను వెళ్లే చోట వానలు ఎక్కువ, చలి ఓ మోస్తరు. నా దగ్గర జీన్స్ ప్యాంట్లు ఐదు ఉన్నాయి. అన్నీ తీసుకెళ్లనా?

హాస్టల్_పాతకాపు
ఐదా! రెండు చాలు. ఒక్కో జీన్స్ బరువు మూడు నాలుగు టీషర్టులంత ఉంటుంది. అందులోనూ నీది వానల ఊరు. తడిసిన జీన్స్ వసారాలో మూడు రోజులైనా నడుము పట్టీ దగ్గర చెమ్మగానే ఉంటుంది. మూడో ప్యాంటు పల్చటి నూలుది, ముదురు రంగుది తీసుకో. తరగతికీ పనికొస్తుంది, ఎవరైనా పెద్దమనిషిని కలవాల్సి వచ్చినా పనికొస్తుంది.

బరువు_మోసేవాడు
నేను ఒప్పుకోను. జీన్స్ అంత మొండి బట్ట ఇంకోటి లేదు. నాలుగైదు రోజులు వేసుకున్నా మాసినట్టు కనిపించదు, ఇస్త్రీ అక్కర్లేదు, నేల మీద కూర్చున్నా చిరగదు. జేబు మూలల్లో రాగి మేకులు దిగగొట్టే పద్ధతికి లీవై స్ట్రాస్, జేకబ్ డేవిస్ 1873లో పేటెంటు తీసుకున్నది కూలి పని చేసేవాళ్ల కోసం. కుర్రవాడి హాస్టలు జీవితాన్ని తట్టుకోలేదా? మూడు జీన్స్ తీసుకెళ్లు. ఆ పల్చటి నూలు ప్యాంటు మోకాళ్ల దగ్గర ఉబ్బి, మధ్యాహ్నానికల్లా పడుకుని లేచినవాడిలా కనిపిస్తావు.

నూలుపోగు
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. జీన్స్ తీసుకెళ్లేవాళ్లు ఆరవేయడం నేర్చుకోవాలి. తిరగేసి, గుండీ జిప్పు విప్పి, జేబులు చెవుల్లా బయటికి లాగి, నడుము వైపు పైకి ఉండేలా రెండు క్లిప్పులతో తెరిచి పట్టి ఉంచండి. చివరిదాకా ఆరనివి జేబులూ నడుము పట్టీనే కాబట్టి గాలి అక్కడికి వెళ్లాలి. తాడు మీద రెండుగా మడిచి పడేస్తే అది ఆరదు, పులుస్తుంది.

ఇంకొకటి. జీన్స్‌కు వేసే నీలి రంగు దారం లోపలిదాకా పోదు, పై పొరలోనే నిలుస్తుంది. అందుకే అంత అందంగా వెలిసిపోతుంది, అందుకే కొత్తలో పక్క బట్టలకు అంటుకుంటుంది. కొత్త జీన్స్‌నూ తెల్ల బనియన్లనూ ఒకే బకెట్లో నానబెట్టకండి. లేత నీలం బనియన్లు కావాలంటే అది మీ ఇష్టం.

ప్రయోగశాల_మాస్టారు
రసాయన శాస్త్రం అన్నావు కనుక నాకూ చెప్పాల్సింది ఉంది బాబూ. కాలేజీ ప్రయోగశాలల్లో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను.

ప్రయోగశాలకు కాళ్లు పూర్తిగా కప్పే ప్యాంటు, మూసి ఉన్న బూట్లు ఉండాల్సిందే. మోకాలి దగ్గర చిరుగులున్న జీన్స్ మూసిన ప్యాంటు కింద లెక్కకు రాదు, తలుపు దగ్గరే ఆపేస్తారు. పైన వేసుకునే తెల్ల కోటు నూలుదే కొను. పాలియెస్టర్ సుమారు 250 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బర్నరు మంట తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది, ఆ కాలిన గాయం నూలు కాలిన దానికన్నా చెడ్డది. నూలు కూడా మండుతుంది, సందేహం లేదు. కానీ కరిగి అంటుకోదు, విప్పి పారేయవచ్చు.

ఆమ్లం సంగతి వేరు. ఆమ్లం నూలును తింటుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం పల్చటి చుక్క ఒకటి ప్యాంటు తొడ మీద పడితే ఆ పూట ఏమీ కనిపించదు. నీరు ఆవిరైపోతుంది, ఆమ్లం అక్కడే చిక్కబడి గుడ్డను కొరుకుతూ ఉంటుంది. ఉతికి ఆరవేశాక చూస్తే సూది మొన నుంచి శనగ గింజంత వరకు వరసగా చిల్లులు. ప్రతి ఏడాదీ కొత్త పిల్లలు ఎలుకలు కొట్టాయనుకుంటారు. చుక్క పడిందనిపిస్తే వెంటనే బాగా నీళ్లు పోసి కడగాలి. అన్నిటికన్నా తెలివైన పని, ప్రయోగశాల రోజులకు ఒక పాత ప్యాంటు, ఒక పాత షర్టు విడిగా పెట్టుకోవడం. మీ అమ్మగారు వద్దన్నా సరే, ఇంట్లో పొయ్యి తుడిచే గుడ్డల్లో కలవబోతున్న షర్టు ఒకటి పట్టుకెళ్లు.

కొలిమి
మాస్టారు చెప్పినదానికి ఇంజనీరింగ్ పిల్లల తరఫున ఒక ముక్క. ఇనుమును గిరగిరా తిప్పి చెక్కే లేతు యంత్రం దగ్గరికి వదులు చేతుల చొక్కా, మెడలో వేలాడే గుర్తింపు కార్డు, ఉంగరం పనికిరావు. వెల్డింగ్ దగ్గర ప్యాంటు అంచు పైకి మడవకూడదు. నిప్పురవ్వ సరిగ్గా ఆ మడతలోనే పడుతుంది.

చలిమనిషి
చలి ఓ మోస్తరు అన్నారుగా. అయితే లావుపాటి కోటు కొనవద్దు. పల్చనివి ఒకదాని మీద ఒకటి వేసుకోండి. లోపల బనియను, దాని మీద ఉన్ని స్వెట్టరు, ఆ పైన గాలి దూరని జాకెట్టు. వెచ్చదనం ఇచ్చేది పొరల మధ్య చిక్కుకున్న గాలి. తరగతిలో ఉక్కగా ఉంటే ఒకటి తీసేయవచ్చు, ఆ వెసులుబాటు లావు కోటుకు లేదు.

వాన జాకెట్టు కొనేటప్పుడు చీటీ మీద రాసింది పక్కన పెట్టి లోపలికి తిప్పి చూడండి. కుట్ల వెంబడి టేపు అతికించి ఉంటే అది నిజంగా నీళ్లు ఆపుతుంది. టేపు లేకపోతే చినుకుల వరకే. భుజాల కుట్టులోంచి చల్లగా దిగుతుంది నీరు. గొడుగు ఒకటి ఎలాగూ ఉంటుంది, కానీ గాలి వానలో పుస్తకాల సంచి మోస్తూ గొడుగు పట్టుకోవడం మన వల్ల కాదు.

దర్జీ_కొడుకు
మీ అన్నయ్య కోటు గొడవకు వస్తాను. కోటు ఇప్పుడు కుట్టించవద్దు.

మీ వయసులో ఎత్తు చాలావరకు వచ్చేసి ఉంటుంది, ఛాతీ, భుజాలు ఇంకా నిండుతూ ఉంటాయి. కోటులో పొడవు తగ్గించవచ్చు, చేతులు సవరించవచ్చు, నడుము దగ్గర లోపలికి తీసుకోవచ్చు. భుజం మాత్రం ముట్టుకుంటే మొత్తం విప్పాల్సిందే. అది కొత్త కోటు కుట్టినంత పని. ఇప్పుడు కుట్టించిన కోటు మూడో ఏట ఉద్యోగాల ఇంటర్వ్యూకు బయటికి తీస్తే వీపు దగ్గర పట్టేసి, చేతులు కలపగానే చిరుగుతుందేమో అనిపిస్తుంది.

ప్యాంటు సంగతి అలా కాదు. మంచి ప్యాంటుకు వెనక నడుము కుట్టులో మిగులు గుడ్డ వదులుతారు. తిరగేసి చూడండి, రెండు వేళ్లంత వెడల్పున ఉంటే అది తర్వాత వదులు చేయడానికి. అది లేని ప్యాంటు కొనవద్దు.

ఇక షర్టు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర పడాలి. కాలరు గుండీ పెట్టాక లోపల రెండు వేళ్లు దూరాలి, నాలుగు దూరితే వేరే సైజు చూడాలి. చేతులు మణికట్టు ఎముక దాటి ఆగాలి. ముదురు నీలం ప్యాంటు, తెల్ల షర్టు ఒకటి, లేత నీలం షర్టు ఒకటి, నల్ల బెల్టు, నల్ల బూట్లు. కాలేజీలో ఏ సభకైనా, ఏ సెమినారుకైనా ఇంతకన్నా ఎక్కువ అడగరు. ఒక్క జాగ్రత్త, నలుపూ ముదురు నీలమూ కొట్టు దీపాల కింద ఒకేలా ఉంటాయి. గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూసి తీసుకోండి.

ఇద్దరబ్బాయిల_తల్లి
దర్జీ గారబ్బాయి మాట నూటికి నూరు పాళ్లు నిజం, అయినా చిన్న అభ్యంతరం. తెల్ల షర్టు హాస్టల్లో ఎన్నాళ్లు తెల్లగా ఉంటుంది? కాలరు లోపలి అంచున ముందు పసుపు గీత వస్తుంది, తర్వాత అది గోధుమ రంగుకు తిరుగుతుంది. ఉతికేముందు ఆ గీత మీద సబ్బు రుద్ది పావుగంట వదిలేస్తే పోతుంది. అలా చేసే అబ్బాయిని నేనింకా చూడలేదు. లేత నీలం రెండు కొనుక్కోమనండి.

దర్జీ_కొడుకు
అమ్మా, మీరు చెప్పింది రోజూ వేసుకునే షర్టుకు. ఈ తెల్ల షర్టు నెలకోసారి బయటికొచ్చేది. హ్యాంగరుకు తగిలించి బీరువా మూల పెట్టమనండి. స్నేహితులకు అరువివ్వకుండా ఉంటే చాలు.

మూడో_అంతస్తు
అరువు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా అంతస్తులో నల్ల టీషర్టులు కలిసిపోతే ఎవరిది ఏదో దేవుడికే తెలియాలి. పేరు రాసిన సిరా నాలుగు ఉతుకులకు చెరిగిపోతుంది. ఎర్ర దారంతో కాలరు లోపల చీటీ పక్కన చిన్న ఇంటూ గుర్తు కుట్టుకోండి. డ్రాయర్లకు నడుము పట్టీ లోపల, మేజోళ్లకు వేళ్ల దగ్గర. అన్నిటికీ ఒకటే రంగు దారం. తాడు మీద దూరం నుంచి కూడా పోల్చుకోవచ్చు.

మేజోళ్లు అన్నీ ఒకే రంగు, ఒకే రకం కొంటే ఒకటి పోయినా జత చెడదు. దీన్ని కనిపెట్టినవారికి ఏదైనా బిరుదు ఇవ్వాలి.

తెల్లకోటు
మూడో అంతస్తు వారు మొదట్లో చెప్పులన్నారు. అది ఎందుకో చెబుతాను, వైద్యం చదువుతున్నాను. పాదాల వేళ్ల మధ్య తెల్లగా నాని, ఒలిచినట్టయి, దురదపెట్టేది బూజు జాతి సూక్ష్మజీవుల పని. గజ్జల్లో గుండ్రంగా పాకే తామర కూడా ఆ కుటుంబమే. తడి నేల మీద, ఒకరి తువ్వాలు ఒకరు వాడటంలో అంటుకుంటుంది. పాదాల నుంచి గజ్జల్లోకి పాకడం కూడా మామూలే. పాదాలకు అది ఉంటే డ్రాయరు కన్నా ముందు మేజోళ్లు తొడుక్కోమని మాకు చెబుతారు. బూజు అంటిన పాదాన్ని నేరుగా డ్రాయరులోంచి దూర్చితే ఏమవుతుందో ఊహించుకోండి.

తడి ఆరని డ్రాయరు ‘ఒంటి మీదే ఆరిపోతుందిలే’ అని వేసుకోవద్దు. వానాకాలంలో హాస్టలు కుర్రాళ్లు క్లినిక్కుకు వచ్చేది ఎక్కువగా ఇందుకే. అలా వచ్చినప్పుడు స్నేహితుడు ఇచ్చిన మందు రాసుకుని రావద్దని కూడా చెప్పండి. స్టెరాయిడ్ కలిసిన క్రీములతో దురద తగ్గినట్టుంటుంది, తామర లోలోపల పెరుగుతుంది.

బూట్లు కూడా రెండు జతలు ఉండాలి. ఒక రోజు వేసుకున్న జతకు మర్నాడు సెలవు. తడిస్తే లోపల పాత కాగితాలు కుక్కి, రెండు మూడు గంటలకోసారి మార్చండి. బూట్లు కొనడానికి సాయంత్రం వెళ్లండి, పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి.

కొత్త_బ్యాచ్
తెల్లకోటు గారూ, డ్రాయరు కన్నా ముందు మేజోళ్లు అన్నది నాకు జన్మలో తట్టేది కాదు! ఒక సందేహం. వానల్లో నిజంగా ఆరకపోతే ఏం చేయాలి? పది జతలూ చెమ్మగానే ఉంటే?

నూలుపోగు
పొడి తువ్వాలు నేల మీద పరిచి, పిండిన బనియను దాని మీద పరిచి, రెండూ కలిపి చాపలా గట్టిగా చుట్టి మోకాలితో నొక్కండి. తువ్వాలు బరువెక్కడం చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత ఫ్యాను కింద హ్యాంగరుకు వేస్తే రాత్రికి రాత్రే ఆరుతుంది. బట్టకూ బట్టకూ మధ్య జానెడు ఖాళీ వదలండి. పులిసిన వాసన వచ్చేసినవాటిని మళ్లీ ఆరబెట్టి లాభం లేదు. నూలువైతే వేడి నీళ్లలో మళ్లీ ఉతకాల్సిందే. ఎంత వేడి తట్టుకుంటుందో చీటీ మీద తొట్టి బొమ్మలో అంకె ఉంటుంది. 40 అని ఉంటే 40 డిగ్రీలు దాటవద్దు. తొట్టి మీద ఇంటూ గీస్తే నీళ్లలోనే వేయకూడదని. చతురస్రంలో సున్నా మీద ఇంటూ ఉంటే డ్రైయరు యంత్రంలో వేయవద్దని. ఇస్త్రీ పెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, మూడు ఉంటే ఎక్కువ. పాలియెస్టర్ షర్టు మీద మూడు చుక్కల వేడి పెట్టారంటే మెరిసే మచ్చ పడుతుంది, అది పోదు.

బరువు_మోసేవాడు
ఇంత చదివాక కూడా మూడు జీన్స్ అనే అంటాను. అయితే ఒక సవరణ. అన్నీ మొదటి రోజే తీసుకెళ్లవద్దు. సగం తీసుకెళ్లి, మొదటి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు కావలసినవి పట్టుకెళ్లు, వేసుకోనివి వెనక్కి తెచ్చెయ్. అక్కడి వాళ్లు ఏం వేసుకుంటున్నారో, ఎండ వాన ఎలా ఉన్నాయో అప్పటికి తెలుస్తుంది. కళాశాల నియమాల కాగితంలో దుస్తుల గురించి ఏమైనా ఉందేమో కూడా చూడు. కొన్నిచోట్ల కాలరు లేనివి తరగతికి ఒప్పుకోరు. అలాంటిచోటికి ఎనిమిది టీషర్టులు మోసుకెళితే మళ్లీ కొనుక్కోవాల్సిందే.

హాస్టల్_పాతకాపు
జీన్స్ దగ్గర తప్ప మిగతా అంతా ఒప్పుకుంటాను. స్వెట్టరు, వాన జాకెట్టు, దుప్పటి అక్కడ చూసి కొనుక్కోవచ్చు. లోదుస్తులు, సరిగ్గా కుదిరిన బూట్లు, ఆ ఒక్క మంచి జత ఇక్కడి నుంచే. కొత్త చోట తొలి వారం కొలతలు చూసుకుంటూ కొట్ల చుట్టూ తిరిగే తీరిక ఉండదు.

సూదీ దారం ఎవరూ చెప్పలేదేమిటి?

దర్జీ_కొడుకు
నన్నే అంటున్నారని అర్థమైంది. సూదులు రెండు, దారం నలుపు, తెలుపు, నీలం, చిన్న కత్తెర, పిన్నులు. షర్టు కింది అంచు లోపల కుట్టి ఉండే అదనపు గుండీని ఎవరూ చూడరు, గుండీ ఊడితే అదే తీసి వాడుకోండి.

కుట్టేటప్పుడు గుండీని గుడ్డకు బిగించేయవద్దు. గుండీ మీద అగ్గిపుల్ల పెట్టి దాని మీదుగా దారం తీస్తూ, ప్రతి జత చిల్లుల్లోంచి నాలుగైదు సార్లు కుట్టండి. తర్వాత పుల్ల లాగేసి, గుండీ పైకి పట్టుకుని, గుండీకీ గుడ్డకీ మధ్య దారాన్ని మూడు చుట్లు చుట్టి వెనక వైపు ముడి వేయండి. ఆ కొంచెం ఎత్తు ఉంటేనే పైన పడే కాజా అంచుకు చోటు ఉంటుంది. పల్చటి షర్టుకు పుల్ల అక్కర్లేదు, జాకెట్టుకూ ప్యాంటు నడుముకూ తప్పనిసరి.

కొత్త_బ్యాచ్
అగ్గిపుల్ల హాస్టల్లో ఉంచుకోనివ్వరట అన్నా, నిప్పు సంబంధమైనవి నిషేధం.

దర్జీ_కొడుకు
అయితే రెండో సూది పెట్టు.